పెద్దాయన కేసులో మీరు ఏ-7 అయితే ఏ దారి మేలు?

రాత్రి తొమ్మిదింటి వార్తల్లో పెద్దాయన (మంత్రో, ఎమ్మెల్యేనో) ఫొటో, కింద స్క్రోలింగ్. ఆ స్క్రోలింగ్ చివర్లో "మరో ఆరుగురిపైనా కేసు" అని ఒక ముక్క వస్తుంది చూడండి, ఆ ఆరుగురిలో మీరో మీ ఇంట్లోవాళ్లో ఉంటే ఇది మీకోసం. పీఏ కావచ్చు, ఓఎస్డీ కావచ్చు, ఫైలు మీద సంతకం పెట్టిన ఇంజినీరు కావచ్చు, బ్యాంకు ఖాతా వాడుకోనిచ్చిన బామ్మర్ది కావచ్చు.

నేను నాంపల్లి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తాను. ఏ-1, అంటే కేసులో మొదటి నిందితుడి కోసం ఢిల్లీ నుంచి ఫ్లైట్లో సీనియర్లు దిగుతారు, నా దగ్గరికొచ్చేది ఏ-5, ఏ-7, ఏ-11. అదీ ఆలస్యంగా, పెద్దాయన లాయర్లు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేశాక. వచ్చి అడిగేది ఒకటే: "సార్, పెద్దాయన క్వాష్ వేశారట, మేమూ అదే వేద్దామా?"

క్వాష్ అంటే కేసే కొట్టేయమని హైకోర్టును అడగడం. వేయొచ్చు, మానొచ్చు. ఆయన వేశారు కాబట్టి మాత్రం వేయకండి. ఆయనకు వచ్చే ఎన్నికల దాకా కేసు సాగితే అదే గెలుపు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే ఎమ్మెల్యే పదవి పోతుంది, 2013 జులైలో సుప్రీంకోర్టు లిల్లీ థామస్ కేసులో తీర్పు ఇచ్చాక అప్పీలు వేశామని చెప్పి సీట్లో కూర్చునే వీలు కూడా లేదు, అందుకని ఆయన లాయర్లు తీర్పు ఎంత దూరం జరిగితే అంత మంచిదనుకుంటారు. మీ సంగతి అది కాదు. ప్రభుత్వ ఉద్యోగి అయితే 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్, రిటైరైతే పెన్షన్, గ్రాట్యుటీ దగ్గర చిక్కు. పాస్‌పోర్టు కోర్టులో ఉంటుంది, డాలస్‌లో కూతురి సీమంతానికి వెళ్లాలంటే పిటిషన్ వేసుకోవాలి. ఆలస్యం ఆయనకు ఊపిరి, మీకు అదే శిక్ష.

ఓబుళాపురం మైనింగ్ కేసు చూడండి. 2009 డిసెంబరులో సీబీఐ కేసు పెడితే 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు తీర్పు చెప్పింది. పదిహేనేళ్లు. ఈలోపు ఒక నిందితుడు చనిపోయాడు కూడా. గాలి జనార్దనరెడ్డికి ఏడేళ్లు పడింది, ఆయన పీఏకూ అదే ఏడేళ్లు. గనుల శాఖ మాజీ డైరెక్టర్‌కు అంతకన్నా ఎక్కువ పడింది. అప్పటి గనుల మంత్రి నిర్దోషిగా బయటికొచ్చారు. అదే ఏడాది జూన్‌లో హైకోర్టు శిక్ష నిలిపివేసి బెయిల్ ఇచ్చింది, అప్పీలు సంగతి వేరే. తీర్పు తప్పని నేననడం లేదు, ఎవరి మీద సాక్ష్యం ఉంటే వాళ్లకు పడుతుంది. పీఏ అయినంత మాత్రాన శిక్షలో తగ్గింపు ఏమీ ఉండదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ముందు లాయరు సంగతి

పెద్దాయన లాయరేనా, మన లాయరా? పెద్దాయన పెట్టించిన లాయరైతే ఫీజు లేదు, పేపర్లన్నీ అక్కడే ఉంటాయి, పార్టీ లీగల్ సెల్ చూసుకుంటుంది. మొదటి రెండు వారాలు ఇది నిజంగానే బాగుంటుంది. చిక్కంతా తర్వాతే. ఇలాంటి కేసుల్లో ఏ-1 డిఫెన్స్ మూడొంతులు ఒకే మాట మీద నిలబడుతుంది: "ఫైలు కింది నుంచి వచ్చింది, అధికారులు సరే అన్నారు, నమ్మి సంతకం పెట్టాను." మీ డిఫెన్స్ ఏమో: "పైనుంచి చెప్పారు, చేశాను." ఈ రెండూ ఒకే నోట్లోంచి రావు కదా. ఉమ్మడి రాష్ట్రంలో జగన్ ఆస్తుల కేసుకు సంబంధించిన 26 జీవోల గొడవప్పుడు బాధ్యత మంత్రులదా, ఐఏఎస్‌లదా అని ఎంత రచ్చ జరిగిందో అప్పట్లో పేపర్ చదివినవాళ్లకు గుర్తుంటుంది. సాక్షిని క్రాస్ చేసేటప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, "మంత్రిగారు ఫోన్ చేశారు కదా" అన్న ప్రశ్న వేయాల్సింది మీ లాయరు. ఆయన ఫీజు మంత్రిగారు కడుతుంటే ఆ ప్రశ్న పడదు.

అందుకని నా సలహా, కొంచెం ఖర్చయినా మొదటి రోజే వేరే వకాలత్, అంటే మీ తరఫున వాదించమని మీ సొంత లాయరుకు రాసిచ్చే కాగితం. పెద్దాయన లాయర్లతో పోట్లాడక్కర్లేదు, పేపర్లు పంచుకోండి, వాయిదాలు కలిసి చూసుకోండి. సంతకం మాత్రం మీ లాయరు చదివాకే పెట్టండి. ఖాళీ వకాలత్‌ల మీద, తెల్ల కాగితాల మీద సంతకాలు చేసిచ్చి "నమ్మకం సార్" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో రకం మనుషులు కూడా తగులుతారు, "జడ్జి దగ్గర మనవాళ్లున్నారు" అనేవాళ్లు. 2012లో గాలి బెయిల్ విషయంలో డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ మీద సీబీఐ కోర్టు జడ్జే సస్పెండయి అరెస్టయ్యారు, ఆ బెయిలూ పోయింది. అలాంటివాడు ఫోన్ చేస్తే పెట్టేయండి.

నోటీసు వచ్చింది, ఇంకా అరెస్టు కాలేదు

ఇక్కడ మూడు దారులు: విచారణకు వెళ్లడం, ముందస్తు బెయిల్ అడగడం, కేసే కొట్టేయమని హైకోర్టులో క్వాష్ వేయడం. ఒకటి వేస్తే ఇంకోటి పోతుందని ఏమీ లేదు, ఏది ముందు అన్నదే ప్రశ్న.

ముందు ఆ నోటీసు ఎవరిదో చూడండి. పోలీసులు ఇచ్చేదాన్ని మనవాళ్లు ఇప్పటికీ 41ఏ అంటారు, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో (బీఎన్ఎస్ఎస్) అది 35(3). ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకు ముందు ఈ నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు గట్టిగా చెప్పింది. వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు అంది, అయినా వాట్సాప్‌లో వచ్చిందని ఇంట్లో కూర్చోకండి, లాయరుతో రాతపూర్వకంగా జవాబు పంపించండి. నోటీసు ప్రకారం వెళ్లి సహకరిస్తూ ఉంటే, కారణం రాయకుండా అరెస్టు చేయడం కష్టం. చిన్న నిందితుడికి చాలా కేసుల్లో ఇదే చవకైన, మంచి దారి.

అదే బషీర్‌బాగ్ నుంచి ఈడీ సమన్లు వస్తే లెక్క మారిపోతుంది. పోలీసు దగ్గర మీరు చెప్పింది మీ మీద సాక్ష్యంగా నిలవదు, దాని మీద మీ సంతకం కూడా తీసుకోకూడదు. ఈడీ ముందు మనీలాండరింగ్ చట్టం సెక్షన్ 50 కింద ఇచ్చే వాంగ్మూలం సంతకంతో ఉంటుంది, సాక్ష్యంగా వాడతారు, అబద్ధం చెబితే అదో కేసు. చాలామంది రెండింటినీ ఒకేలా అనుకుని ఈడీ దగ్గర కూడా సోది చెప్పినట్టు చెప్పుకుంటూ పోతారు. తారీఖులు, మొత్తాలు గుర్తులేకపోతే "రికార్డు చూసి చెబుతాను" అనండి, అది అబద్ధం కాదు.

ఇక ముందస్తు బెయిల్, క్వాష్. ఒక సరదా సంగతి, పాత చట్టంలో 482 అంటే క్వాష్, కొత్తదాంట్లో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528కి పోయింది. కోర్టు క్యాంటీన్లో "482 వేశాం" అని ఎవరైనా అంటే ఏదండీ అని ఇప్పటికీ అడగాల్సి వస్తోంది.

క్వాష్ వినడానికి బాగుంటుంది. గెలిస్తే మొత్తం కేసే ఉండదు. కానీ ఎఫ్ఐఆర్‌లో రాసిందంతా నిజమే అనుకున్నా నేరం కాకపోతేనే, లేదా మొదలుపెట్టడానికే చట్టం అడ్డమైతేనే హైకోర్టు ముట్టుకుంటుంది, 1990 నాటి భజన్‌లాల్ తీర్పు నుంచీ అదే కొలత. "నేను ఆ మీటింగులో లేను" అంటే అది ట్రయల్‌లో చెప్పుకో అంటారు. పైగా ఓడితే నష్టం ఉంది. ఫార్ములా-ఈ కేసులో 2024 డిసెంబరులో ఏసీబీ ఎఫ్ఐఆర్ వేయగానే కేటీఆర్ క్వాష్‌కు వెళ్లారు, మధ్యలో అరెస్టు వద్దని కొన్నాళ్లు రక్షణ దొరికింది, 2025 జనవరి 7న పిటిషన్ కొట్టేయడంతో ఆ రక్షణా పోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ కేసులో నాకు నచ్చింది వేరే ఉంది. లాయరును వెంట రానివ్వలేదని జనవరి 6న ఏసీబీ ఆఫీసు బయటే రాతపూర్వక జవాబిచ్చి వచ్చేశారు, హైకోర్టుకెళ్లి లాయరు కనిపించే దూరంలో కూర్చునేలా ఆర్డరు తెచ్చుకుని 9న మళ్లీ వెళ్లారు. మాట వినపడదు, మనిషి కనపడతాడు. ఈ ఆర్డరు అడగడానికి మాజీ మంత్రి అయ్యుండక్కర్లేదు, ఏ-7 కూడా అడగొచ్చు.

కాబట్టి చిన్న నిందితుడు ముందస్తు బెయిల్ ముందు పెట్టుకోవాలి. పాత్ర తక్కువ, పారిపోడు, కాగితాలన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి అన్న మూడు మాటలు బెయిల్ కోర్టులో పనిచేస్తాయి, క్వాష్‌లో పనిచేయవు. మనీలాండరింగ్ కేసయితే ముందస్తు బెయిల్‌కు కూడా సెక్షన్ 45 జంట షరతులు (నేరం చేయలేదని, బయటికొస్తే మళ్లీ చేయడని కోర్టుకు నమ్మకం కలగాలి) అడ్డొస్తాయి. మీ మీద ఆరోపించిన మనీలాండరింగ్ మొత్తం కోటి లోపైతే ఒక సడలింపు ఉంది, అయితే కోటి అన్నది మీ ఒక్కరి లెక్క కాదు, తోటి నిందితులతో కలిపి.

అధికారులకు మాత్రం ఒక మినహాయింపు. మీరు చేసింది ఆఫీసు పనిలో భాగమే అయితే శాంక్షన్ (మీ మీద కేసు నడపడానికి కావాల్సిన ప్రభుత్వ అనుమతి) అన్న ఆయుధం మీ చేతిలో ఉంది, పెద్దాయన చుట్టూ ఉన్న వ్యాపారులకు, బంధువులకు అది లేదు. జగన్ ఆస్తుల కేసులకు సంబంధించిన ఈడీ కేసుల్లో ఇద్దరు ఐఏఎస్‌లు ఇదే పట్టుకున్నారు, ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కేసు స్వీకరించడం కుదరదని తెలంగాణ హైకోర్టు అంటే, 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మనీలాండరింగ్ కేసులకూ ఇది వర్తిస్తుందని తేలింది అప్పుడే. అనుమతి తర్వాత తెచ్చుకుని మళ్లీ రావచ్చు కాబట్టి ఇది పూర్తి విముక్తి కాదు, అయినా వేసుకోదగ్గ క్వాష్ ఇదే.

అరెస్టయి చంచల్‌గూడ జైల్లో ఉంటే

ఇక్కడ తెలుగువాళ్లందరం టీవీ ముందు కూర్చుని నేర్చుకున్న పాఠం ఒకటుంది. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో చంద్రబాబును అరెస్టు చేశాక ఆయన లాయర్లు బెయిల్ కన్నా ముందు క్వాష్ మీద పడ్డారు. అవినీతి నిరోధక చట్టం 17ఏ కింద గవర్నరు అనుమతి లేదు కాబట్టి కేసే చెల్లదన్నది వాదన. సెప్టెంబరు 22న ఏపీ హైకోర్టు కొట్టేసింది. ఆరోగ్యం మీద మధ్యంతర బెయిల్ వచ్చింది అక్టోబరు 31న, రెగ్యులర్ బెయిల్ నవంబరు 20న. రాజమండ్రి జైల్లో 50 రోజులకు పైగా గడిచాయి. 17ఏ మీద సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పింది 2024 జనవరి 16న, అప్పటికి ఆయన బయటే ఉన్నారు. "ముందే బెయిల్ వేసుంటే?" అని ఆ రోజుల్లో మా బార్ రూమ్‌లో రోజూ పంచాయితీ. నాకైతే ఆ ఎంపిక తప్పనిపించలేదు, మాజీ ముఖ్యమంత్రికి "కేసే తప్పు" అని చెప్పుకోవడం రాజకీయంగా అవసరం, బెయిల్ అడిగితే సగం ఒప్పుకున్నట్టు ప్రచారం చేస్తారు. మీ గురించి ఎవరూ ప్రచారం చేయరు. మీరు బెయిలే అడగండి.

ఎప్పుడు అడగాలి అన్నది కూడా లెక్కే. కొత్త చట్టంలో 15 రోజుల పోలీసు కస్టడీని ఒకేసారి వాడక్కర్లేదు, మొదటి 40 లేదా 60 రోజుల్లో ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు, అందుకే "ఇంకా కస్టడీ కావాలి" అని పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) బెయిల్‌కు అడ్డుపడటం పెరిగింది. మొదటి పిటిషన్ పోతే బెంబేలెత్తకండి. 60 రోజుల్లో, కొన్నింట్లో 90 రోజుల్లో ఛార్జిషీట్ పడకపోతే బెయిల్ మీ హక్కు. అడిగితేనే హక్కు, 61వ రోజు పొద్దున్నే పిటిషన్ పడాలి, మధ్యాహ్నం ఛార్జిషీట్ పడిపోతే అంతే సంగతులు. రాజకీయ కేసుల్లో 409 సెక్షన్ (ప్రభుత్వ ఉద్యోగి చేసే నమ్మకద్రోహం), ఇప్పుడు బీఎన్ఎస్ 316(5), ఎందుకు తగిలిస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది. యావజ్జీవం దాకా పడే సెక్షన్ అది, దాంతో 60 కాస్తా 90 అవుతుంది. మీకు ఆ సెక్షన్ వర్తించదని రిమాండ్ రోజే గట్టిగా వాదించమనండి.

పై కోర్టుకెళ్తే తొందరగా వస్తుందన్న భ్రమ కూడా వద్దు. జగన్ 2012 మే 27న అరెస్టయితే బెయిల్ వచ్చింది 2013 సెప్టెంబరు 23న. మధ్యలో 2013 మేలో సుప్రీంకోర్టు బెయిల్ ఇవ్వననడమే కాక, ఆర్థిక నేరాలు వేరే తరగతి, వాటిని వేరుగా చూడాలి అని రాసింది. ఆ తీర్పు ఇవాళ్టికీ ప్రతి పీపీ జేబులో ఉంటుంది, మీ బెయిల్‌కు అడ్డంగా అదే తీస్తారు. సుప్రీంకోర్టు వైఖరి ఇప్పుడు కొంచెం మారింది. 2024 ఆగస్టులో సిసోదియాకు, అదే నెల 27న కవితకు ఢిల్లీ మద్యం కేసులో బెయిల్ ఇస్తూ, ట్రయల్ ఇప్పట్లో తేలనప్పుడు లోపల ఉంచి ఏం చేస్తారన్న ధోరణిలో మాట్లాడింది సుప్రీంకోర్టు. ఆడవాళ్లకు సెక్షన్ 45లో ఉన్న సడలింపు చదువుకున్నావిడకు వర్తించదన్న ఢిల్లీ హైకోర్టు మాటనూ తోసిపుచ్చింది. అయినా అప్పటికి ఆమె ఐదు నెలలు తీహార్‌లో ఉన్నారు.

అప్రూవర్

అందరూ గుసగుసగా అడిగేది ఇదే. "సార్, అప్రూవర్ అయిపోతే?"

అప్రూవర్ అంటే క్షమాభిక్ష పొంది, తోటి నిందితుల మీద ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పే నిందితుడు. ఇది మంచి దారో చెడ్డ దారో నేను చెప్పను, దాని షరతులు చెబుతాను. మీకు తెలిసినదంతా, మీ పాత్రతో సహా, దాచకుండా చెప్పాలి. పెద్దాయన గురించి చెప్పి మీ సంగతి మింగేస్తే క్షమాభిక్ష పోతుంది, అసలు నేరానికీ అబద్ధపు సాక్ష్యానికీ కలిపి మీ మీద కేసు నడుస్తుంది. ఇంకోటి, దీన్ని చాలామంది లాయర్లు కూడా చెప్పరు: అప్పటికే బెయిల్ మీద లేకపోతే అప్రూవర్‌ను ట్రయల్ ముగిసేదాకా కస్టడీలోనే ఉంచాలని చట్టం. బయటపడదామని అప్రూవరై లోపలే ఉండిపోయే పరిస్థితి అన్నమాట. హైకోర్టుకెళ్లి అడగొచ్చు, గ్యారంటీ లేదు. కాబట్టి ముందు బెయిల్, ఆ తర్వాత అప్రూవర్ ఆలోచన. వివేకా హత్య కేసులో డ్రైవర్, మద్యం కేసులో మన వ్యాపారవేత్తలు అప్రూవర్లయ్యాక అవతలి పార్టీ వాళ్లు వాళ్లను ఎన్ని మాటలన్నారో చూశారుగా, క్రాస్‌లో అంతకు పదింతలు ఉంటుంది. ఊళ్లో మీ ఇల్లు ఎక్కడో అందరికీ తెలుసు, అది కూడా ఆలోచించుకోండి.

నా లెక్క ఇది. మీకు డబ్బు ముట్టి ఉంటే, దానికి కాగితమో బ్యాంకు ఎంట్రీనో ఉంటే, అప్రూవర్ గురించి నిజంగా కూర్చుని మాట్లాడుకోవాలి. డబ్బు ముట్టలేదు, సంతకం ఒక్కటే ఉంది అంటే తొందరపడకండి, అప్రూవర్ కావడమంటే నేరం చేశానని ఒప్పుకోవడమే. ఒప్పుకోవడానికి మీ దగ్గర నేరమే లేకపోవచ్చు.

ఇవేవీ కాకుండా సాక్ష్యం మాయం చేద్దామనుకునేవాళ్లు ఇంకోరకం. ఫోన్ రీసెట్ చేయడం, చాట్లు చెరిపేయడం, పాత ల్యాప్‌టాప్ మూసీలో పారేయడం. చెరిపేసింది చాలావరకు అవతలివాడి ఫోన్లో దొరుకుతుంది, మీకు మాత్రం కొత్త సెక్షన్ ఒకటి, బెయిల్‌కు అడ్డంకి ఒకటి మిగులుతాయి.

ఛార్జిషీట్ తర్వాత

డిశ్చార్జ్ (నా మీద ఆధారాలు లేవు, విచారణ మొదలుకాక ముందే వదిలేయమన్న పిటిషన్) వేయాలా, ట్రయల్‌కు వెళ్లాలా? పెద్దాయన డిశ్చార్జ్ వేస్తారు, అది కొట్టేస్తే పై కోర్టులో రివిజన్, దాని మీద ఇంకోటి. జగన్ కేసుల్లో సీబీఐ వేసిన 11 ఛార్జిషీట్ల మీద డిశ్చార్జ్ పిటిషన్లు ఏళ్లకేళ్లు నడిచాయి. కొత్త చట్టంలో సెషన్స్ కేసుల్లో డిశ్చార్జ్‌కు 60 రోజుల గడువు పెట్టారు, చూడాలి. మీ పేరు ఛార్జిషీట్‌లో రెండు పేరాల్లోనే ఉంటే, ఆ రెండూ మీరు చేసింది మామూలు ఆఫీసు పనే అని చూపిస్తుంటే, డిశ్చార్జ్ ఒకసారి వేయండి. కొట్టేస్తే ఇంకో మెట్టు ఎక్కండి, అక్కడితో ఆపి ట్రయల్ అడగండి. అప్పుడు పెద్దాయన వైపు నుంచి ఫోన్ వస్తుంది, "తొందరెందుకు తమ్ముడూ" అని. మీ తొందర మీది. సాక్షులు రిటైరైపోతారు, మర్చిపోతారు, అది ఆయనకు లాభం కావచ్చు, మీ తరఫున "ఈ ఫైలు రూల్ ప్రకారమే వెళ్లింది" అని చెప్పాల్సిన సెక్షన్ ఆఫీసరు కూడా పోతాడు.

కేసు వేరే చోటికి మార్చమని అడగడం చిన్న నిందితుడి స్థాయి పని కాదు, వివేకా కేసు 2022 నవంబరులో కడప నుంచి హైదరాబాద్‌కు మారింది ఆయన కూతురు సుప్రీంకోర్టుకు వెళ్తే. మీడియాకు మాట్లాడకండి, అంతే.

చివరగా ఒక చాదస్తం. జగన్ అరెస్టు ఆదివారం. ఓటుకు నోటు కేసులో రేవంత్ అరెస్టు, 2015 మే 31, ఆదివారం. చంద్రబాబుది రెండో శనివారం. కవితను హైదరాబాద్ నుంచి తీసుకెళ్లింది శుక్రవారం సాయంత్రం. కావాలని చేస్తారా అంటే నాకు తెలియదు, కానీ నా క్లయింట్లకు చెప్పేది ఇదీ: గురువారం సాయంత్రానికి సంతకం చేసిన వకాలత్ లాయరు దగ్గర ఉండాలి, ఇద్దరు ష్యూరిటీల ఆధార్, ఇంటిపన్ను రసీదులు జిరాక్స్ తీసి ఉండాలి, బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో సహా ఒక కవర్లో పెట్టి ఇంట్లోవాళ్లకు ఎక్కడుందో చెప్పి ఉండాలి. సెలవు రోజైనా 24 గంటల్లో జడ్జి ఇంటి దగ్గరైనా హాజరుపరచాల్సిందే, ఆ రాత్రి పదకొండింటికి ష్యూరిటీ కోసం బామ్మర్దికి ఫోన్ చేస్తే స్విచాఫ్ వస్తుంది.